గట్టు లేని పాట

రికార్డింగ్ పని నేర్పమని పిల్లలు ఎవరైనా వస్తే నేను ముందు ఒక్కటే అడుగుతాను: "ఆపడం వచ్చా?" వాళ్లు బిత్తరపోతారు. మైకు ఏది కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అని అడుగుదామని వచ్చినవాళ్లు కదా. మైకుల్లో పెద్ద తేడా లేదమ్మా, ఉన్నదానితో పని నడుస్తుంది. మొదలుపెట్టే బటన్ ఎవరైనా నొక్కుతారు. మా పక్కింటి పిల్లి కూడా ఒకసారి నొక్కింది. ఎప్పుడు ఆపాలో తెలియనివాళ్లు మాత్రం ఈ పనిలోకి రావద్దు, వచ్చి మా చెవులు తినొద్దు.

నేను రేడియోలో రికార్డింగూ ఎడిటింగూ చేసి రిటైరయ్యాను. చేరినప్పుడు టేపును బ్లేడుతో కోసి అతికించేవాళ్లం. దిగిపోయేనాటికి అంతా కంప్యూటరే. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరి వల్ల ఆగింది అనే పురాణం ఇక్కడ విప్పను. దాన్ని మా ఆయన ఒక్కడే ఇన్నేళ్లూ విన్నాడు, పాపం, ఆయన పుణ్యం ఊరికే పోదు. ఇప్పుడు చెప్పబోయేది ఉద్యోగం అయిపోయాక, ఈ మధ్యే జరిగింది. ఒక పాటల ఆల్బమ్ విని నేను నిలువునా అదిరిపోయిన సంగతి. అయితే అది మీకు అర్థం కావాలంటే ముందు రెండు పాత ముచ్చట్లు తెలియాలి.

సారు కూర్చున్నాడంటే

మా మొదటి బాసును అందరం పెద్దసారు అనేవాళ్లం. ఏ కార్యక్రమమైనా ప్రసారం కాకముందు ఆయన వినాలి. ఆయన నిలబడి వినేవాడు, చేతులు వెనక్కి కట్టుకొని, కిటికీ వైపు చూస్తూ. వింటూ వింటూ కుర్చీ లాక్కొని కూర్చున్నాడంటే మా గుండెల్లో రాయి పడేది. ఎందుకంటే అది పొడుగైనట్టు. నోరు విప్పి ఏమీ అనడు. మేమే టేపు తీసుకుపోయి, ఆయన కూర్చున్న చోటు గుర్తుపెట్టుకొని, అక్కడికి ముందు నుంచే కోయడం మొదలుపెట్టేవాళ్లం.

ఒకసారి తొమ్మిది నెలల పసుపు పంట మీద ఒక పెద్ద ఆఫీసరు ప్రసంగం చేశాడు. తన ప్రసంగం తానే వింటానని పట్టుబట్టి గదిలోనే ఉండిపోయాడు. ప్రసంగం ఇంకా విత్తనం దగ్గర ఉండగానే పెద్దసారు కూర్చున్నాడు. ఎరువుల దగ్గరికి వచ్చేసరికి వెనక్కి వాలాడు. అయిపోయాక ఆఫీసరు చేతులు నలుపుకుంటూ "ఎట్లా ఉంది సార్?" అని అడిగాడు. "చాలా బాగుందండీ. విత్తనం పెట్టిన కాడి నుంచి తవ్వే దాకా అన్నీ వచ్చినయి. తొమ్మిది నెలలు పట్టింది అంతే," అన్నాడు సారు. ఆయనకు తర్వాత ఏ చిక్కూ రాలేదు, ఎందుకంటే ఆఫీసరుకు అది అర్థం కాలేదు.

ఆయన దేవుడేం కాదు. ఆడవాళ్లను బయటి రికార్డింగులకు పంపేవాడు కాదు. "పొలాల్ల మీకెందుకమ్మా తిప్పలు, గదిల చల్లగ కూసోండ్రి," అనేవాడు. ఆ చల్లదనం నాకు అక్కర్లేదని మూతి ముడుచుకొని చాలా కాలం పోట్లాడితే గాని నన్ను పంపలేదు. పంపిన మొదటిసారి కూడా నమ్మకం లేక తానే వెంట వచ్చాడు. కాని ఆయన చెప్పిన ఒక మాట మాత్రం నేను ఇప్పటికీ అందరికీ చెబుతాను. "వినేవాడు మన జీతగాడు కాదమ్మా. వాని పని వానికుంటది."

చందూర్ దగ్గర

ఆ మొదటిసారి పోయింది చందూర్ దగ్గర ఒక పొలానికి. నాట్ల పాటలు కావాలి. ఆడవాళ్లు మునుం పట్టి, అంటే వరుస కట్టి, వంగి నాటు వేస్తున్నారు. మధ్యలో ఒకామె పాట చెబుతుంటే మిగతావాళ్లు పట్టుకుంటున్నారు. నేను మైకు పట్టుకొని గట్టు మీద నిలబడ్డాను. పాట సాగుతూనే ఉంది. నా పక్కన నిలబడ్డ ఆసామి ఉన్నట్టుండి "గట్టొచ్చిందో!" అని కేకేశాడు. కత్తితో కోసినట్టు పాట ఆగిపోయింది. నాకు ఒళ్లు మండింది. మంచి పాటను పాడు చేశాడని ఆయన మీద ఎగిరాను.

పెద్దసారు నన్ను పక్కకు పిలిచాడు. "వాళ్లు ఎటు నడుస్తున్నరో చూసినవా?" అన్నాడు. చూశాను. నాటు వేసేవాళ్లు వెనక్కి నడుస్తారు. గట్టు వాళ్ల వీపు వెనక ఉంటుంది. ఎంత దూరముందో వాళ్లకు కనబడదు, గట్టు మీద ఉన్నవాడికే కనబడుతుంది. అందుకని పాట చెప్పేదానికి పాటను ఆపే పని లేదు. ఆమె చెబుతూనే ఉండాలి. పదాలు అయిపోతే కొత్తవి కట్టాలి. గట్టు వచ్చిందని చెప్పడం చూసేవాళ్ల పని.

బువ్వ తినేటప్పుడు ఆ పాటామెనే అడిగాను, అలసిపోతే ఏం చేస్తావని. "నడుమ పాట ఇరిగితె మునుం ఇరుగుతదమ్మా. ఆగొద్దు. ఏమన్న కావాల్నంటె పాటలనే అడుగుడు," అంది. నేను నమ్మలేదు. మధ్యాహ్నం నా చెవులతో విన్నాను. అదే రాగంలో, అదే ఊపులో, నీళ్లు తెమ్మని ఒక చరణం కట్టింది. గట్టు మీద కూర్చున్న ముసలామె వెంటనే బిందె ఎత్తుకొని బురదలోకి దిగింది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ తల ఎత్తి చూడలేదు. పాటలో అడిగితే ఎవరో ఒకరు లేవాలి. అక్కడ అదే మర్యాద.

ఆ తర్వాత మా స్టూడియోలో జానపదం పాడేవాళ్లు ఎవరు వచ్చినా నేను గాజు తలుపు బయట ఉండేదాన్ని కాదు. లోపలికి పోయి, ఎదురుగా నిలబడి, కళ్లలోకి చూస్తూ, చాలనుకున్నప్పుడు అరచెయ్యి ఎత్తేదాన్ని. చెంబుతో నీళ్లు పక్కనే. దాన్ని మేము గట్టు చూపించడం అనేవాళ్లం. పల్లెల నుంచి వచ్చే ఆడవాళ్లకు వేరే ఏమీ చెప్పే అవసరం ఉండేది కాదు, చెయ్యి చూడగానే నవ్వుతూ ఆపేవారు. ఈ పని పుస్తకాల్లో లేదు. నేను ఈ వ్యాసం రాస్తున్నది ముఖ్యంగా ఇందుకే.

రెండున్నర గంటలు

ఇక స్రవంతి సంగతి. బోధన్ పిల్ల. కొన్నాళ్లు మా రేడియోలో అనౌన్సరుగా పని చేసింది. గలగలా మాట్లాడేది, మైకు ముందు కూర్చుంటే మబ్బు పట్టిన రోజు కూడా ఎండ కాసినట్టుండేది. రికార్డింగు వైపు రాలేదు, అందుకని నా దగ్గర పని నేర్చుకోలేదు గాని నన్ను అక్కా అక్కా అని పట్టుకు తిరిగేది. తర్వాత హైదరాబాద్ పోయింది. అక్కడ ఇద్దరు స్నేహితులతో కలిసి పాటల బృందం పెట్టింది. కంపెనీల గడప తొక్కకుండా సొంతంగా పాటలు చేసుకొని ఇంటర్నెట్‌లో పెట్టుకుంటారు. దాన్ని ఇండీ అంటారట. మంచిదే. ఎవరి కాళ్లు పట్టుకోకుండా పాడుకుంటామంటే నాకు అంతకన్నా సంతోషం లేదు.

మూడేళ్లు మా జిల్లా ఊళ్లన్నీ తిరిగి ఒక జానపద ఆల్బమ్ చేశారు. దాని పేరే చాంతాడంత ఉంది, ఇక్కడ రాయను. విడుదలకు వారం ముందు రెండున్నర గంటల ఆ ఆల్బమ్‌ను నాకు పంపి ఫోన్ చేసింది.

"అక్కా, వచ్చే ఐతారం బయటికొస్తది. నువ్వే ఫస్టు ఇనాలె. కండ్లు మూస్కొని ఇను. ఒక్క ముక్క గూడ ఇడిసిపెట్టొద్దు."

నాకు పట్టలేనంత ఆనందం. మా ఆయనను మాట్లాడొద్దని చెప్పి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కూర్చున్నాను.

మొదటిది చెరుకు తోటలో గాలి. బోధన్ చెరుకులో గాలి బాగానే ఉంటుంది, ఎవరు కాదన్నారు? కాని పాము కనబడితే తప్ప మావాళ్లు ఎవరూ అక్కడ అంతసేపు కదలకుండా నిలబడరు. గాలి, గాలి, ఇంకా గాలి. తర్వాత గిటారు మీద ఒక్క తీగ. మళ్లీ గాలి. రెండోది మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు చప్పుడు, దాని మీద ఎవరో నిట్టూరుస్తున్నారు. మూడోది స్రవంతి సొంత పాట, బోధన్ బస్సులో కిటికీ సీటు కోసం కొట్లాట మీద. అది ఎంత బాగుందో! చిన్నగా, చురుగ్గా, నవ్వు దాచుకున్న గొంతుతో. అయ్యో ఇది ఇంకొకసారి వస్తే బాగుండు అనుకునేలోపు అయిపోయింది. పాట అంటే అది. తర్వాత మళ్లీ మొదలైంది నాన్చుడు.

మోకాళ్ల నొప్పి వల్ల నేను మొదటి నుంచే కూర్చొని ఉన్నాను కాబట్టి మా పెద్దసారులాగా కూర్చోవడానికి వీలు లేక లేచి నిలబడ్డాను. వంటింట్లోకి పోయి బియ్యం కడిగి నానబెట్టి వచ్చాను. అదే తీగ ఇంకా మోగుతోంది. మా ఆయన సైగ చేసి అడిగాడు, ఎట్లా ఉంది అని. నేను మొహం తిప్పుకున్నాను. నాకు ఏడుపొచ్చింది, నిజంగా. కన్నబిడ్డ పరీక్ష తప్పినట్టయింది.

ఇప్పటి పిల్లలు ఎందుకింత పొడుగు చేస్తారో నాకు తెలుసు. టేపు అయిపోతుందన్న భయం లేదు. కోస్తే పల్లెను అవమానించినట్టవుతుందని బెరుకు. పొడుగ్గా ఉంటే లోతుగా ఉన్నట్టే అని ఎవరో వాళ్ల చెవిలో ఊదారు. ప్రేమ లేక చేసింది కాదు, ఎక్కువై చేసింది. ఎండకాలంలో బిడ్డకు రెండు స్వెటర్లు తొడిగే తల్లి ప్రేమ అది.

ఇట్లా విసుక్కుంటూ చివరి పాటకు వచ్చాను. రెంజల్ వైపు ఒక పల్లెటూరి సాయవ్వ పాడిన నాట్ల పాట. ఆమె నోరు తెరవగానే నేను మళ్లీ కూర్చుండిపోయాను. అబ్బ, ఏం గొంతు! కారం నూరినట్టు గరగర, దాని వెనక చెరుకు ముక్క కొరికినట్టు తీపి. నా సర్వీసులో అట్లాంటి గొంతులు చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గిటారు లేదు, గాలి లేదు, ఒట్టి గొంతు. ఈ ఒక్కటి చాలు, పిల్ల గెలిచింది అనుకున్నాను.

పాట సాగింది. సాగుతూనే ఉంది. గొంతులో తీపి తగ్గింది, గరగర పెరిగింది. పదం చివర ఊపిరి అందడం లేదు. అప్పుడు వచ్చింది ఈ చరణం:

*గట్టు దూరమున్నదే సెల్లెలా*
*గొంతు ఎండుకొచ్చెనే సెల్లెలా*
*నీళ్ల బిందె ఏడుందే సెల్లెలా*

ఆమె పాడడం లేదు, అడుగుతోంది. ఆపమని, నీళ్లు ఇమ్మని, ఎదురుగా ఉన్నవాళ్లను మర్యాదగా అడుగుతోంది. ఎవరూ ఇవ్వలేదు. మళ్లీ అడిగింది. అప్పటికీ ఇవ్వలేదు. ఇంకోసారి అడిగేసరికి గొంతు చీలిపోయింది. ఆ చీలిపోయిన ముక్కనే వీళ్లు కోసి, మళ్లీ మళ్లీ వచ్చేటట్టు అతికించి, వెనక డోలు కలిపి, తమ గొంతులు కూడా కలిపి పల్లవి చేశారు! నీళ్ల బిందె ఏడుందే, నీళ్ల బిందె ఏడుందే అని హాయిగా ఊగుతూ పాడుతున్నారు. నేను హెడ్‌ఫోన్లు పీకి బల్ల మీద పడేశాను. మా ఆయన పరుగెత్తుకొచ్చాడు, ఎవరైనా పోయారేమోనని.

ఆ పాటలో చిన్న ముక్కను ముందే ఇంటర్నెట్‌లో వదిలారు. దాని కింద ఎవరో పెద్దమనిషి రాశాడు, 'ఎండిన నేల దాహం ఈ గొంతులో వినిపిస్తుంది' అని. రెంజల్, బోధన్ పొలాలకు కాలువ నీళ్లు వస్తాయి నాయనా. దాహం నేలకు కాదు, ఆమెకు.

స్రవంతికి ఫోన్ చేశాను.

"అక్కా! ఇన్నవా? ఎట్లున్నది?"

"సాయవ్వకు నీళ్లిచ్చిండ్రా?"

"ఏందక్కా?"

"పాడేటప్పుడు నీళ్లడిగింది గద. ఇచ్చిండ్రా, లేదా?"

"అది పాటక్కా. గవి పాటల మాటలు," అంది.

"మాటలు కాదే. ఆమె నిన్నే అడిగింది."

"అక్కా, నీకు తెల్వది. ఆ చరణం వచ్చేసరికి మేం ముగ్గురం ఏడ్సుకుంట కూసున్నం. ఒక్కరం గూడ కదల్లే."

ఆమె నీళ్లడుగుతుంటే వీళ్లు కళ్లు మూసుకొని ఏడుస్తూ కూర్చున్నారు! నేను చందూర్ సంగతి, వెనక్కి నడవడం, గట్టు కేక, బిందె, అన్నీ చెప్పాను. చివరికి, "రేపు పోదామక్కా సాయవ్వ దగ్గరికి. నువ్వు గూడ రా," అంది. నేను తప్పు చెబుతున్నానని ఆమె ఆశ. నాకు కూడా అదే ఆశ.

సాయవ్వ వాకిట్లో

మరునాడు స్రవంతి కారు తెచ్చి మేముండే కంఠేశ్వర్‌లో నన్ను ఎక్కించుకుంది.

సాయవ్వ వాకిట్లో చాటలు ముందు పెట్టుకొని నలుగురు ఆడవాళ్లు బీడీలు చేస్తున్నారు. సాయవ్వకు నా ఈడే ఉంటుంది, నాకన్నా బలంగా ఉంది. స్రవంతిని చూడగానే మొహం విప్పార్చుకొని చేతులు చాచింది. "రా బిడ్డా" అనబోయింది. వచ్చింది గాలి. ఎండుటాకుల మీద కాలు పెట్టినట్టు ఒక చప్పుడు.

స్రవంతి అక్కడే నిలబడిపోయింది. "అవ్వా, ఏమైంది గొంతుకు?"

చెప్పింది కోడలు లత. "మీ రికార్డింగు కాడికెల్లి వచ్చినంక మూడు దినాలు సైగల మీదనే ఉండెనక్కా. దవఖానకు తీస్కపోయినం. మాట్లాడకు అన్నడు డాక్టరు. మా అత్తనా మాట్లాడకుంట ఉండేది! ఇప్పుడు జర నయం."

"నాకెందుకు జెప్పలే?"

"జెప్తె నువ్వు పరేషాన్ అయితవని అత్తనే వద్దన్నది."

స్రవంతి సాయవ్వ ముందు కింద కూర్చుంది. "అవ్వా, నువ్వు ఆపితె మేం ఆపుతుంటిమి గద. ఎందుకు ఆపలే?"

సాయవ్వ ఆమెను వింతగా చూసింది. సూర్యుడు ఎటు పొడుస్తాడని అడిగితే చూసినట్టు. "నేనెట్ల ఆపుత బిడ్డా? పాట జెప్పేది ఆపుతదా? మీరు గట్టు సూపెట్టకపోతిరి. నీళ్లడిగితి. మీరు కండ్లు మూస్కొని ఉంటిరి. నాకేమెర్క, పట్నం పాటకు గింత పొడుగు గావాలెనేమో అనుకుంటి. బిడ్డ అడిగింది గదా అని జెప్పుకుంట పోయిన."

కోపంగా అనలేదు. అదే భరించలేకపోయాను. తిట్టి ఉంటే స్రవంతి ఏడ్చేది, మేము లేచి వచ్చేవాళ్లం.

"ఏది, ఆ పాట ఇనిపియ్యి," అంది సాయవ్వ. స్రవంతి వద్దంది. వాకిట్లో ఆడవాళ్లందరూ పట్టుబట్టారు, మా సాయవ్వ పాట మేం వినొద్దా అని. స్రవంతి ఫోన్ గడప మీద పెట్టింది.

మొదట్లో అందరూ మురిసిపోయారు. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి, నోళ్లు పట్టుకోవడం మొదలుపెట్టాయి. నీళ్ల చరణం వచ్చింది. బీడీ చేస్తున్న ఒక పెద్దామె చాట పక్కన పెట్టి, అలవాటు కొద్దీ లేచి లోపలికి పోయి, చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చాక ఎవరికి ఇవ్వాలో తెలియక నిలబడింది. అందరూ గొల్లుమన్నారు. సాయవ్వ కూడా నవ్వి, ఫోన్ వైపు చెయ్యి ఊపి, ఉన్న గొంతుతో "గట్టొచ్చిందే, సాలిగ!" అంది.

ఫోన్‌లో గొంతు ఆగలేదు. నీళ్ల బిందె ఏడుందే. మళ్లీ. డోలు మొదలైంది. సాయవ్వ "ఓ, గట్టొచ్చిందే!" అంది మళ్లీ, ఇంకా నవ్వుతూనే. నీళ్ల బిందె ఏడుందే. మళ్లీ. వాకిట్లో నవ్వులు తగ్గాయి. ఒక్కొక్కరి చెయ్యీ చాటలో ఆగిపోయింది. ఫోన్ అంటే ఏమిటో సాయవ్వకు తెలియదా? రోజూ మనవరాలితో దాంట్లోనే మాట్లాడుతుంది. అయినా మూడోసారి ఆమె ఏమీ అనలేదు. ముందుకు వంగి, ఫోన్ మీద కొంగు కప్పి, అరచేత్తో నొక్కి పట్టింది.

"బంజెయ్యి బిడ్డా," అంది. "నా మీద నాకే జాలైతుంది."

స్రవంతి ఆపింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరినో రికార్డు చేశాను, వాళ్ల గొంతులు వాళ్లకే వినిపించాను. మురిసినవాళ్లను చూశాను, సిగ్గుపడినవాళ్లను చూశాను. తన గొంతు విని దాని మీద కొంగు కప్పిన మనిషిని చూడలేదు.

"ఆల్బమ్‌ల నుంచి తీసేస్తనవ్వా," అంది స్రవంతి.

"నీ కంప్యూటర్ డబ్బాలకెల్లి గూడ తియ్యి. ఎండిన గొంతు నాకొద్దు. మొత్తం తియ్యి."

అప్పుడు నాలోని రేడియో మనిషి లేచింది. ఆ మొదటి భాగం బంగారం. దాన్ని నేను కోసి తీయగలను, నీళ్ల మాట రాకముందే ఆపగలను. "అక్కా, తొందరపడకు," అన్నాను సాయవ్వతో. "ముందటిది మస్తుగున్నది. ఖరాబైంది కోసేస్త. మంచిదొక్కటే ఉంచుత. నా పనే అది."

"మంచిదానెంట ఇది గూడ వస్తది గదనే, సెల్లె. నాకు యాదికొస్తది. నాకు మంచిగైనంక కొత్తది పాడ్త."

"గొంతు మల్ల అట్ల రాకపోతె?"

నా నోటి నుంచి వచ్చాక గాని ఆ మాట ఎంత కటువైనదో నాకు తెలియలేదు. లత నన్ను కోపంగా చూసింది. సాయవ్వ మాత్రం తాపీగా ఒక ఆకు తీసుకొని తంబాకు పోసి చుట్టింది. "రాకపోతె రాదు. నీళ్లడుక్కునేది మాత్రం నేను ఉంచుకోను," అంది.

స్రవంతి కారులోంచి ల్యాప్‌టాప్ తెచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఇంకో కాపీ అన్న ఉంచుకో," అన్నాను గుసగుసగా. ఆ మాట అన్నందుకు నేను సిగ్గుపడను. ఒక గొంతును చెరిపేయడమంటే నాకు ప్రాణం తీసినంత పని. స్రవంతి నా చెయ్యి విడిపించుకుంది. సాయవ్వ పక్కన కూర్చొని, తెర చూపిస్తూ, ఏది ఎక్కడుందో చెబుతూ ఒక్కొక్కటీ తీసేసింది. హైదరాబాద్‌లో ఉన్న స్నేహితులకు అక్కడి నుంచే ఫోన్ చేసి, వాళ్ల దగ్గర ఉన్నవి కూడా తీయించింది. ముందు వదిలిన చిన్న ముక్కనూ తీసేసింది. సాయవ్వకు ఆ తెర మీద ఏం జరుగుతుందో అర్థమైందో లేదో గాని, అయ్యేదాకా కళ్లార్పకుండా చూసింది. నేను గోడ వైపు తిరిగి కూర్చున్నాను.

ఇప్పుడు

ఆ ఆదివారం ఆల్బమ్ రాలేదు. తర్వాత వచ్చింది, బాగా చిక్కి. గాలి పోయింది, గేటు పోయింది, బస్సు పాట మిగిలింది. మంచి మాటలు చెప్పినవాళ్లు ఉన్నారు, ఆ నాట్ల పాట ఏదని అడిగినవాళ్లూ ఉన్నారు. స్రవంతి ఎవరికీ జవాబు చెప్పలేదు.

చెరిపేయడం సరైన పనేనా అని పిల్లలు నన్ను అడుగుతారు. నాకు తెలియదు. నా బుద్ధి ఇప్పటికీ వద్దనే అంటుంది. కాని ఆ గొంతు సాయవ్వది. ఆమె అడిగిన మూడు మాటల్లో రెండింటిని ఎవరూ వినలేదు, ఆపమన్నదీ నీళ్లన్నదీ. తీసేయమన్న మూడోదైనా విన్నందుకు స్రవంతి మీద నాకు గౌరవం పెరిగింది.

సాయవ్వ గొంతు సగం వచ్చింది, పై స్థాయి ఇంకా రాలేదు. వానాకాలం నాట్లు మొదలవగానే స్రవంతి ఫోన్ చేసి రావచ్చా అని అడిగిందట. "మిషిని ఇంటికాడ పెట్టి రా. ముందుగాల నాటెయ్యి," అందట సాయవ్వ. ఈ పిల్ల పోయింది. లత పాట చెప్పింది, సాయవ్వ గట్టు మీద నిలబడింది, స్రవంతి మునుంలో నిలబడి వెనక్కి నడుస్తూ పట్టుకుంది. తిరిగి వస్తూ మా ఇంటికి వచ్చింది, మోకాళ్ల దాకా బురద, నడుం పట్టుకొని. మా ఆయన చాయ్ పెట్టి ఇచ్చాడు. నాకు ఉండబట్టక అడిగాను.

"పాట ఎంతసేపు సాగిందే?"

"ఏమో తెల్వదక్కా," అంది చాయ్ ఊదుకుంటూ. "నడుం ఇరిగింది గని, పొడుగనిపియ్యలే."